పదమూడు సెకన్లు ఎవరి ఖాతాలో రాయాలి? ఒక వారం అమెరికా ఫుట్‌బాల్‌పై రాయగడ నుంచి సమీక్ష

ముందుగా సరుకు ఏమిటో చెప్పాలి. అమెరికాలో ఆడే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటలను ఇంట్లో టీవీకి తెచ్చి పెట్టే చందా సేవ ఇది. అప్పటికప్పుడు జరిగే ఆటలూ, పాత సీజన్ల ఆటలూ అందులో ఉంటాయి. చందా నేను కట్టలేదు. సిన్సినాటీలో ఉండే మా అమ్మాయి సంక్రాంతికి రాయగడ వచ్చినప్పుడు కట్టి, రిమోట్ నా చేతిలో పెట్టి వెళ్లింది. కాబట్టి ధర గురించి నా అభిప్రాయం అడగకండి. డబ్బు పెట్టినవాడి నోటి నుంచి వచ్చే మాట వేరు, పెట్టనివాడి మాట వేరు.

నేను సమీక్షించేది ఒక్క వారం ఆటలను. 2022 జనవరి 22, 23 తేదీల్లో జరిగిన నాలుగు నాకౌట్ మ్యాచులు. "మామయ్యగారూ, ఈ ఆట మీకు పడుతుందో లేదో తేలాలంటే ముందు ఈ నాలుగూ చూడండి. ఫలితాలు మాత్రం ఎక్కడా వెతకవద్దు" అని మా అల్లుడుగారు ఫోనులో చెప్పారు. ఆయన సిన్సినాటీ బెంగాల్స్ అభిమాని. ఆయన మాటల్లో కొంత సొంత లాభం ఉందని తర్వాత తెలిసింది.

నేను గూడ్సు బండి గార్డుగా పనిచేసి రిటైరయ్యాను. గార్డు పని అంటే పచ్చ జెండా ఊపడమే అనుకుంటారు చాలామంది. అసలు పని రాత. బండి ఏ స్టేషనుకు ఎన్నింటికి చేరింది, ఎన్నింటికి కదిలింది, ఎక్కడ ఎన్ని నిమిషాలు నిలిచింది, ఆ నిలవడం ఎవరి ఖాతాలోకి పోతుంది, ఇంజనుదా, సిగ్నలుదా, ఎదురొచ్చే బండికి దారి ఇవ్వడం వల్లనా అన్నది అంతా రాయాలి. ఖాతా తేలని నిమిషాన్ని పై అధికారులు ఒప్పుకొనేవారు కారు. ఈ ఆటను నేను ఆ కంటితోనే చూశాను, ఆ కంటికి ఇది బాగా ఆనింది. ఎవరు ఎంత దూరం పరుగెత్తారన్న దానికన్నా, ఎవరు ఎంత కాలం ఎవరికి వదిలిపెట్టారన్నదే ఇక్కడ గెలుపోటములు తేలుస్తుంది.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. మైదానం పొడవు 100 గజాలు. జట్టుకు 11 మంది. బంతి దొరికిన జట్టుకు 10 గజాలు ముందుకు జరగడానికి నాలుగు అవకాశాలు. జరిగితే మళ్లీ నాలుగు, జరగకపోతే బంతి అవతలి వాళ్లకు. బంతితో చివరి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. దాని తర్వాత బంతిని స్తంభాల మధ్య నుంచి తన్నితే ఇంకొకటి. తన్నకుండా మరోసారి గీత దాటితే రెండు. టచ్‌డౌన్ దాకా పోలేనప్పుడు దూరం నుంచే స్తంభాల మధ్యకు తన్నితే 3, దాన్ని ఫీల్డ్ గోల్ అంటారు. ఇంతవరకు సులువే.

గడియారం దగ్గరే ఉంది కథంతా. ఆట 60 నిమిషాలు, నాలుగు భాగాలు. టీవీలో మూడు గంటలకు పైగా పడుతుంది. బంతి నిజంగా కదిలే సమయం మ్యాచు మొత్తం మీద సుమారు 11 నిమిషాలేనని 2010లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక లెక్కగట్టింది. మా ఆవిడ మొదటిరోజే పసిగట్టి "ఏమండీ, ఆడేదానికన్నా నిలబడేదే ఎక్కువగా ఉందే!" అంది. నిజమే. ఆటగాడు మైదానం లోపల పడితే గడియారం నడుస్తూనే ఉంటుంది. విసిరిన బంతి ఎవరూ పట్టకుండా నేల తాకితే ఆగుతుంది. చివరి నిమిషాల్లో పక్క గీత దాటి బయటికి పోయినా ఆగుతుంది. ఒక్కో సగంలో ఒక్కో జట్టుకు మూడు టైమవుట్లు, అంటే గడియారం ఆపమని అడిగే వీలు. సగం ముగియడానికి రెండు నిమిషాల ముందు దానంతట అదే ఒకసారి ఆగుతుంది. ముందున్న జట్టు నేల మీద పరుగెత్తి కాలాన్ని తినేస్తుంది. వెనకబడిన జట్టు గీత బయటికి ఉరికి కాలాన్ని కాపాడుకుంటుంది. ఈ లాగులాట అర్థమైతే ఆ మూడు గంటల్లో విసుగు పుట్టదు. అర్థం కాకపోతే హెల్మెట్లు పెట్టుకున్నవాళ్లు పదేపదే ఒకరి మీద ఒకరు పడుతున్నట్టే ఉంటుంది.

మా పక్కింటి ఒడియా మాస్టారికి అలాగే కనిపించింది. ఆయన బడిలో వ్యాయామం నేర్పి రిటైరయ్యారు. రగ్బీ అంటే ప్రాణం. భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదివే గిరిజన పిల్లలు 2007లో లండన్ వెళ్లి 14 ఏళ్లలోపు పాఠశాలల అంతర్జాతీయ రగ్బీ పోటీ గెలిచి వచ్చిన సంగతి ఆయన ఇప్పటికీ వారానికోసారైనా ఎత్తుతారు. "గార్డ్‌బాబూ, మా రగ్బీలో బంతిని వెనక్కే ఇవ్వాలి. వీళ్లు ముందుకు విసిరేస్తున్నారు, మళ్లీ అయిదుసార్లు ఊపిరి పీల్చుకునేంత సేపు నిలబడుతున్నారు. ఇది ఆటా, సభా?" అని ఆయన అభియోగం. అయినా వారమంతా వచ్చారు. స్టేషను వీధిలో కొన్న బరా, ఘుగుని పొట్లంతో రావడం వల్ల మా ఇంట్లో ఆయనకు గౌరవం పెరిగింది.

ఇక ఆటలు.

మొదటిది నాష్‌విల్‌లో. టెన్నెసీ టైటన్స్ మీద మా అల్లుడుగారి బెంగాల్స్. టైటన్స్ తమ విభాగంలో అగ్రస్థానంలో ఉండి, సొంత మైదానంలో ఆడుతున్నారు. కాలి గాయంతో నెలల తరబడి ఆడని డెరిక్ హెన్రీ ఆ రోజే తిరిగి వచ్చాడు. చూడడానికి బీరువా కదిలినట్టుంటాడు. బెంగాల్స్ తరఫున బంతి విసిరే ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, జో బరోను టైటన్స్ ఆ రోజు తొమ్మిదిసార్లు పడగొట్టారు. నాకౌట్ ఆటల్లో అంతకు మించి ఎవరినీ పడగొట్టలేదు. అన్నిసార్లు పడినవాడి జట్టు గెలవడం నాకు మింగుడుపడలేదు. మరునాడు మళ్లీ పెట్టుకుని చూశాక లెక్క తేలింది. టెన్నెసీ క్వార్టర్‌బ్యాక్ రయన్ టానహిల్ ఆట మొదటి బంతినే అవతలివాళ్ల చేతిలో పెట్టాడు. మధ్యలో ఒకటి పెట్టాడు. చివర 16–16 దగ్గర, ఇంకా 20 సెకన్లు ఉండగా మూడోది పెట్టాడు. అంతకుముందు 6–6 దగ్గర, తన్ని ఒక పాయింటు తీసుకోవలసిన చోట రెండింటికి పోయి ఏదీ దక్కించుకోలేదు. ఆ 20 సెకన్లలో బరో 19 గజాల పాస్ ఒకటి జమార్ చేజ్‌కు అందించాడు. ఆ సీజనులోనే జట్టులో చేరిన కుర్రవాడు ఎవన్ మెక్‌ఫర్సన్ 52 గజాల నుంచి తన్ని 19–16తో ముగించాడు. ఆ తన్నుకు వెళ్లే ముందు, ఇక మనం సెమీఫైనల్‌కు వెళుతున్నట్టే అని తోటివాడితో అన్నాడట. ఈ మాట బరోయే తర్వాత విలేఖరులకు చెప్పాడు. బెంగాల్స్ చరిత్రలో పరాయి మైదానంలో గెలిచిన మొదటి నాకౌట్ ఆట ఇదే. మా అల్లుడుగారు దీన్ని ముందు ఎందుకు పెట్టారో నాకు అప్పుడర్థమైంది. ఆలస్యం ఎవరి ఖాతా అంటారా? టానహిల్‌దే, అనుమానం లేదు. కానీ ఆటగా చూస్తే నాలుగింటిలో ఇదే కాస్త చప్పగా ఉంది.

రెండోది గ్రీన్ బే. నా మనసు పట్టేసిన ఆట ఇదే, కాబట్టి దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

విస్కాన్సిన్ రాష్ట్రంలో గ్రీన్ బే ఒక చిన్న పట్టణం. 2020 జనాభా లెక్కల్లో లక్షా ఏడు వేల చిల్లర మంది. మా రాయగడలో 2011 లెక్కల ప్రకారం 71 వేలకు పైగా ఉన్నాం. అప్పటి నుంచి పెరిగింది లెక్కేస్తే మరీ అంత తేడా ఉండకపోవచ్చు. ఆ పట్టణంలో 80 వేల మందికి పైగా కూర్చునే మైదానం ఉంది. జట్టు 1919లో పుట్టింది. దానికి ఒక్క కోటీశ్వరుడు యజమాని కాడు, లక్షల మంది వాటాదారులు ఉన్నారు. వాటాకు లాభం పంచరు, వాటాను బజారులో అమ్ముకోవడానికి వీల్లేదు. ఇదంతా చెబితే మాస్టారు బరా కొరకడం ఆపి "అంటే మన నాగావళి ఒడ్డున కూడా పెట్టవచ్చన్నమాట" అన్నారు. ఎవరు వాటా కొంటారని నేను అడగలేదు.

ఆ రోజు అక్కడ మంచు. చలి సున్నాకు పది డిగ్రీలు దిగువన. జనవరిలో రాయగడలో తెల్లవారుజామున బ్రేక్ వ్యాన్‌లో కూర్చున్నవాడికి చలి అంటే తెలుసు. ఇది ఆ చలి కాదు. ఆటగాళ్ల నోటి ఆవిరి హెల్మెట్ కమ్మీల మధ్య నుంచి బయటికి వచ్చి అక్కడే నిలబడడం తెరమీద కనిపిస్తుంది. గ్రీన్ బే ప్యాకర్స్ కూడా తమ విభాగంలో అగ్రస్థానం. వాళ్ల ఆరన్ రాడ్జర్స్‌కు ఆ సీజను కూడా ఉత్తమ ఆటగాడి బహుమతి వచ్చింది, అది నాలుగోది. మొదటిసారి బంతి దొరకగానే టచ్‌డౌన్ కొట్టారు. నేను లేచి మంచినీళ్లు తాగి వచ్చాను, ఇక ఇది ఏకపక్షమని. ఆ తర్వాత ఆట అంతా కలిపి వాళ్లు చేసింది మూడు పాయింట్లే. మొదటి సగం చివర వాళ్లు తన్నిన ఫీల్డ్ గోల్‌ను శాన్ ఫ్రాన్సిస్కో 49ఎర్స్ ఆటగాడు జిమ్మీ వార్డ్ చేయి అడ్డుపెట్టి ఆపాడు. అప్పటికే హెచ్చరిక అందినట్టే.

ఇక నాలుగో భాగం. 10–3తో ప్యాకర్స్ ముందున్నారు. ఇంకా నాలుగు నిమిషాల 41 సెకన్లు. సొంత గీతకు దగ్గరలో ఇరుక్కుని, బంతిని దూరంగా తన్ని వదిలించుకోబోయారు. దీన్ని పంట్ అంటారు. జోర్డన్ విల్లిస్ అనే ఆటగాడు నడుమ నుంచి తోసుకుంటూ వచ్చి చేతులు పైకెత్తాడు. బంతి అతని చేతికి తగిలి గాలిలోకి లేచింది. ఒక్క క్షణం మంచులో ఎవరికీ అది ఎక్కడ పడుతుందో తెలియలేదు. అందరి తలలూ పైకి. తలనోవా హుఫంగా దాన్ని అందుకుని ఆరు గజాలు పరుగెత్తాడు. 10–10. ఆ రోజు శాన్ ఫ్రాన్సిస్కోకు వచ్చిన టచ్‌డౌన్ ఇదొక్కటే. బంతి విసిరే వాళ్లు, పరుగెత్తే వాళ్లు ఎవరూ ఆ గీత దాటలేదు.

మళ్లీ బంతి చేతికి వచ్చాక రాడ్జర్స్ ఏం చేయాలి? కొంచెం కొంచెంగా జరుగుతూ కాలం తినాలి. మూడో అవకాశంలో దవాంటే ఆడమ్స్ కోసం చాలా దూరం విసిరాడు. ఇద్దరు కాపలా ఉన్నారు. బంతి నేల తాకింది, గడియారం ఆగింది, బంతి పోయింది. ఇంకా మూడు నిమిషాలకు పైగా మిగిలాయి. శాన్ ఫ్రాన్సిస్కో మాత్రం ఆ కాలాన్ని ఎవరికీ వదలలేదు. మంచులో నేల మీద నెట్టుకుంటూ, డీబో సామ్యూల్ చేతికి బంతి ఇచ్చి 7 గజాలు కావలసిన చోట 9 గజాలు తెచ్చుకుంటూ, గడియారాన్ని సున్నాదాకా దగ్గరుండి నడిపించారు. చివరి తన్నుకు రాబీ గూల్డ్ 45 గజాల దూరంలో నిలబడ్డాడు. ఆ తన్నును అడ్డుకోవడానికి ప్యాకర్స్ మైదానంలో ఉంచింది పది మందిని. పదకొండు ఉండాలి! రీప్లే ఆపి, మా మనవడు తెరకు వేలు ఆనించి ఒక్కొక్కరినీ లెక్కపెట్టాడు. పదే. 13–10. ఆలస్యాల ఖాతా రాసి రాసి చేయి తిరిగినవాడిని, అయినా ఆ పదకొండోవాడి కోసం ఏ గడిలో ఏం రాయాలో నాకు తోచలేదు.

మూడోది టాంపా. ఈ ఆటను మాస్టారి పోరు పడలేక మొదట 40 నిమిషాల కుదింపులో చూశాం. ఇక్కడ సేవ సంగతి చెప్పాలి. ప్రతి ఆటనూ మూడు విధాలుగా ఇస్తారు: పూర్తి ప్రసారం, నిలబడే సమయాలన్నీ కోసేసిన సుమారు 40 నిమిషాల కుదింపు, నాలుగైదు నిమిషాల ముఖ్యాంశాలు. కుదింపు ఎంతో సౌకర్యమని అందరూ మెచ్చుకుంటారు. నా దృష్టిలో ఈ సేవలో అన్నిటికన్నా చెడ్డ వస్తువు అదే. ఈల వేసిన చోటి నుంచి తర్వాతి బంతి కదిలే చోటి వరకు ఉన్నదంతా కోసేస్తారు. సరిగ్గా అక్కడే కదా ఆట ఉన్నది! టైమవుట్ అడిగారా, అడగకుండా దాచుకున్నారా, వాళ్లంతట వాళ్లు తొందరపడుతున్నారా, అవతలివాళ్లు తొందరపెడుతున్నారా అన్నది కుదింపులో ఏదీ తెలియదు.

టాంపా ఆటే సాక్ష్యం. లాస్ ఏంజెలెస్ రామ్స్ ఒక దశలో 27–3తో ముందున్నారు. ఎదురుగా టాంపా క్వార్టర్‌బ్యాక్, 44 ఏళ్ల టామ్ బ్రేడీ. రామ్స్ ఆటగాళ్లు ఆ రోజు నాలుగుసార్లు బంతిని చేజార్చి పోగొట్టుకున్నారు. అంత ఆధిక్యం ఉండి అలా జార్చుకోవడం చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. బ్రేడీ ఒక్కొక్కటీ ఏరుకున్నాడు. 42 సెకన్లు మిగిలి ఉండగా లెనార్డ్ ఫోర్నెట్ చివరి అవకాశంలో గీత దాటాడు. 27–27. కుదింపులో ఆ తర్వాత కనిపించేది రెండు పాస్‌లు, ఒక తన్ను, ముగింపు. ఏదో గారడీలా ఉంది. "అదృష్టం" అని మాస్టారు తేల్చేశారు.

మర్నాడు పూర్తి ప్రసారం పెట్టించాను. రామ్స్ క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్ తోటి ఆటగాడు కూపర్ కప్‌కు 20 గజాల పాస్ ఇచ్చాడు. తర్వాత టాంపా రక్షకులు కట్టకట్టుకుని స్టాఫర్డ్ మీదికి ఉరికారు. కప్ దగ్గర కాపలా పలచబడింది. 44 గజాల పాస్. ఇప్పుడు చూడవలసింది బంతిని కాదు. అంత దూరం విసిరినవాడు అక్కడే నిలబడి చేతులెత్తి పండగ చేసుకోలేదు. మైదానం వెంట పరుగు తీస్తూ, చేతులు ఊపుతూ, పెద్ద పెద్ద మనుషులను రండి రండి అని గీత దగ్గరికి తోలుకొచ్చాడు. అందరూ సర్దుకున్నాక బంతిని కావాలని నేలకు కొట్టి గడియారం ఆపాడు. నాలుగు సెకన్లు మిగిలాయి. మాట్ గే 30 గజాల నుంచి తన్నాడు, 30–27. డిట్రాయిట్‌లో పన్నెండు సీజన్లు ఆడి ఒక్క నాకౌట్ ఆటా గెలవని మనిషి స్టాఫర్డ్. ఆ పరుగు కుదింపులో లేదు. మాస్టారు ఏమీ అనలేదు కానీ, నాలుగో ఆట కుదింపులో చూద్దామని మాత్రం అడగలేదు. మా రాతలో అయితే ఆ 42 సెకన్లు టాంపా రక్షణకే పడతాయి. అప్పటికి సమానంగా ఉన్న ఆటలో అంత మందిని మీదికి పంపే అవసరం ఏముంది? బ్రేడీ ఆ ఫిబ్రవరి 1న రిటైరవుతున్నానన్నాడు, మార్చిలో మళ్లీ వస్తానన్నాడు, 2023 ఫిబ్రవరి 1న మళ్లీ రిటైరయ్యాడు. ఇదొక్కటి చెప్పి వదిలేస్తాను.

నాలుగోది కాన్సస్ సిటీ. అల్లుడుగారు దీన్ని ఆఖరున ఉంచడంలో న్యాయం ఉంది. సేవ మాత్రం దీని గుట్టు ముందే బయటపెట్టింది. ఫలితాలు దాచిపెట్టే మీట ఒకటి ఉంది, దాన్ని నొక్కాం. అంకెలు పోయాయి. కానీ జాబితాలో ప్రతి ఆటకూ ఎదురుగా నిడివి రాసి ఉంటుంది. మిగతా మూడింటికన్నా ఇది పొడుగు. అంటే సమయం సరిపోక ఆట అదనపు సమయంలోకి పోయిందన్నమాట! గార్డుకు నిమిషాలు చూపించి ఫలితం దాచామంటే ఎలా? గ్రీన్ బే ఆటకు పెట్టిన బొమ్మలో అయితే గెలిచినవాళ్లు ఎగురుతూనే ఉన్నారు. మా మనవడు చేయి అడ్డుపెట్టి మీట నొక్కాడు. ఈ రెండూ సరిచేయడం వాళ్లకు పెద్ద పని కాదు.

బఫెలో బిల్స్‌ది ఆ సీజనులో లీగ్‌లోకెల్లా గట్టి రక్షణ. క్వార్టర్‌బ్యాక్‌లు కాన్సస్ సిటీ చీఫ్స్‌కు పాట్రిక్ మహోమ్స్, బిల్స్‌కు జోష్ అలెన్. రెండు నిమిషాల విరామం వచ్చేసరికి 26–21, చీఫ్స్ ముందు. ఆ తర్వాత ఆ రెండు నిమిషాల లోపల రెండు జట్లూ కలిపి 25 పాయింట్లు చేశాయి. నాలుగో అవకాశంలో 13 గజాలు కావలసిన చోట అలెన్ 27 గజాల టచ్‌డౌన్ పాస్ విసిరాడు, గేబ్రియల్ డేవిస్ పట్టాడు. దాని మీద రెండు పాయింట్లు, 29–26. చీఫ్స్ ఆటగాడు టైరీక్ హిల్ 64 గజాలు చీల్చుకుపోయాడు, 33–29. మళ్లీ డేవిస్, 36–33. ఆ రోజు డేవిస్ ఒక్కడే నాలుగు టచ్‌డౌన్లు, 201 గజాలు. నాకౌట్ ఆటల్లో ఒకే మనిషి నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు పట్టడం అదే మొదలు. ఓడిన జట్టులో ఉన్నందుకు ఆ పేరు ఎవరూ తలవడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఘుగుని చల్లారిపోయింది. మా ఆవిడ వంటింట్లో నుంచి వచ్చి నిలబడే చూసింది.

గడియారంలో 13 సెకన్లు. ఇక్కడి నుంచి ప్రతి సెకనుకూ ఖాతా ఉంది.

బిల్స్ బంతిని తన్ని చీఫ్స్‌కు అప్పగించాలి. పొట్టిగా, నేలబారున తన్నితే అవతలివాడు దాన్ని పట్టి పరుగెత్తాలి, పరుగుకు కొన్ని సెకన్లు కరిగేవి. వీళ్లు చివరి గీత అవతలికి తన్నారు. ఒక్క సెకను కూడా కదలలేదు. చీఫ్స్‌కు 25వ గజం దగ్గర బంతి, 13 సెకన్లకు 13 సెకన్లూ చేతిలో. బిల్స్ రక్షకులు బాగా వెనక్కి జరిగి, పక్క గీతలకు కాపలా కాశారు. కానీ చీఫ్స్ దగ్గర టైమవుట్లు ఉన్నాయి. టైమవుట్ ఉన్నవాడికి పక్క గీతతో పనేముంది? నడిమధ్యన హిల్‌కు 19 గజాలు. టైమవుట్. 8 సెకన్లు. నడిమధ్యనే ట్రావిస్ కెల్సీకి 25 గజాలు. టైమవుట్. 3 సెకన్లు. అంతకుముందు ఒక సులువైన తన్నూ, ఒక దూరపు తన్నూ పోగొట్టుకున్న హారిసన్ బట్కర్ 49 గజాల నుంచి ఈసారి తప్పలేదు. 36–36.

అదనపు సమయానికి నాణెం ఎగరేశారు. అలెన్ బొరుసు అన్నాడు, బొమ్మ పడింది. అప్పటి నియమం ప్రకారం మొదట బంతి దొరికినవాళ్లు టచ్‌డౌన్ చేస్తే ఆట అయిపోయినట్టే. మహోమ్స్ 75 గజాలు నడిపించి కెల్సీకి 8 గజాల టచ్‌డౌన్ ఇచ్చాడు. 42–36. ఆ 13 సెకన్ల తర్వాత అలెన్ చేతికి బంతి మళ్లీ రానే లేదు. అన్యాయమని అమెరికాలో గోల పుట్టింది. ఆ మార్చిలోనే జట్ల యజమానులు 29–3 ఓట్లతో నాకౌట్ ఆటల నియమం మార్చి, ఇద్దరికీ ఒక్కసారైనా బంతి దక్కేలా చేశారు. మార్పు మంచిదే. కానీ బిల్స్ ఓటమిని నాణెం ఖాతాలో వేయడానికి నేను ఒప్పుకోను. మరుసటి వారం, ఆ పాత నియమం కిందనే, అదనపు సమయంలో నాణెం మళ్లీ చీఫ్స్ పక్షానే పడింది. ఎదురుగా మా అల్లుడుగారి బెంగాల్స్. ఈసారి మహోమ్స్ విసిరింది అవతలివాళ్లు పట్టుకున్నారు, మెక్‌ఫర్సన్ తన్నాడు, 27–24తో బెంగాల్స్ గెలిచారు. నాణెం గెలిపించేదే అయితే అప్పుడేమైంది? బిల్స్‌ను ఓడించింది గీత అవతలికి పోయిన ఆ ఒక్క తన్ను, నడిమధ్యన ఖాళీగా వదిలిన ఆ 44 గజాలు.

సేవ గురించి మిగిలిన మాటలు త్వరగా చెబుతాను. వ్యాఖ్యానం ఇంగ్లీషులోనే; తెలుగు, హిందీ లేవు. అయినా కాన్సస్ సిటీ ఆటకు వ్యాఖ్యానించిన జిమ్ నాంజ్, టోనీ రోమో జంటను వినడం హాయి. రోమో ఒకప్పుడు డాలస్ క్వార్టర్‌బ్యాక్, రాబోయే ఎత్తు ముందే చెప్పేస్తాడు. నాకు ఇంకా నచ్చింది రెఫరీ. తప్పు ఎవరిదో, ఎన్ని గజాల శిక్షో, మైకు పట్టుకుని మైదానం అంతటికీ చెబుతాడు. ప్రకటనలు తీసేశారు, సంతోషం. ఆ ఖాళీలో ఒక మూగ బొమ్మ పెట్టి వదిలేస్తారు, అది నచ్చలేదు. గ్రీన్ బే ఆట మధ్యలో మా వీధిలో రోడ్డు తవ్వేవాళ్లు ఫైబర్ తీగ తెంపారు. ఫోను నెట్‌తో లాగిస్తే తెల్లటి మంచంతా గళ్లు గళ్లుగా విడిపోయింది. అది సేవ తప్పు కాదు. కానీ తక్కువ వేగానికి బొమ్మ నాణ్యతను మనమే తగ్గించుకునే వీలు ఇచ్చి ఉంటే బాగుండేది.

జరుగుతున్నప్పుడే చూడాలనుకునేవారికి మన గడియారం చెబుతున్నాను. ఆ నాలుగు ఆటలూ మనకు తెల్లవారుజాము 3 గంటలకు, ఉదయం 6.45కు, అర్ధరాత్రి దాటాక 1.30కు, తెల్లవారి 5 గంటలకు మొదలయ్యాయి. మామూలు సీజనులో ఆదివారం తొలి ఆటలు మాత్రం మనకు రాత్రి 10.30కే వస్తాయి, నవంబరు మొదట్లో అమెరికావాళ్లు గడియారాలు వెనక్కి తిప్పాక 11.30కి. మరుసటి పొద్దున డ్యూటీ ఉన్నవారికి అవే దిక్కు. మిగతావారు రికార్డింగ్ చూడడమే మేలు, కుదింపు జోలికి పోకుండా.

ఒక్క రాత్రే ఖాళీ ఉంటే గ్రీన్ బే చూడండి. రెండు రాత్రులుంటే టాంపా, కాన్సస్ సిటీ ఒకదాని తర్వాత ఒకటి చూసి, నాష్‌విల్ వదిలేయండి. మా అల్లుడుగారికి మాత్రం ఈ మాట చేరవేయకండి. వెతికేటప్పుడు 2022 అని కొడితే ఇవి దొరకవు. ఆట జనవరిలో జరిగినా, సీజను మొదలైన ఏటి పేరు మీదే ఉంటుంది. 2021 సీజను తెరిచి, చివరికి వెళ్లి, డివిజనల్ రౌండ్ అన్న చోట చూడండి. నిడివి అంకెల మీద చేయి అడ్డుపెట్టుకోండి.